తొమ్మిదో గదిలో నేర్చుకున్న జపనీస్

మా చర్చికి కొత్తగా వస్తున్న అమ్మాయిలు, ఇక్కడి కేర్ హోముల్లోనూ ఆసుపత్రుల్లోనూ చేరినవాళ్ళు, ఆదివారం ప్రార్థన అయ్యాక టీ కప్పులు పట్టుకుని నా చుట్టూ చేరతారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "ఆంటీ, వీళ్ళ మాట మాకు ఎప్పటికి అర్థమవుతుంది?" పాపం, పరీక్షలో ఇంగ్లీషుకి మంచి మార్కులే తెచ్చుకుని వచ్చిన పిల్లలు. తీరా ఇక్కడ ఒక ముసలాయన కట్టుడు పళ్ళు తీసేసి మాట్లాడితే బిక్కమొహం వేసుకుని నిలబడతారు. నేను ధైర్యం చెప్పబోతే మా ఆయన అందుకుని, "ఈవిణ్ణి అడక్కండమ్మా, ఈవిడకి ఇంగ్లీషుకంటే జపనీస్ బాగా వచ్చు" అంటాడు. అందరూ నవ్వుతారు, హాస్యానికి అన్నాడనుకుని. నిజానికి యాభై దాటాక, మోకాళ్ళ నొప్పులతో, వారానికి నాలుగు లాంగ్ డేలు, అంటే పన్నెండేసి గంటల డ్యూటీలు చేస్తూ, ఏ క్లాసుకీ వెళ్ళకుండా నేను కాస్తంత జపనీస్ నేర్చుకున్న మాట వాస్తవం. అదెలా జరిగిందో చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. అది దాచిపెట్టి చెబితే చెప్పడం దండగ.

నేను గుంటూరు వైపు ఒక మిషను ఆసుపత్రిలో చాలా ఏళ్ళు చేసి, నలభై దాటాక ఇంగ్లండులోని నార్తాంప్టన్ వచ్చి ఒక నర్సింగ్ హోములో కుదురుకున్నాను. లండన్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది, ఇంకా చలి వదలని రోజుల్లో, మా తొమ్మిదో గదిలోకి ఒక జపాను మామ్మగారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి. నిలబెడితే నా భుజం దాకా కూడా రారు. తెల్లటి జుట్టు నున్నగా దువ్వించుకుని, వచ్చిన రోజున మేనేజర్ దగ్గర్నుంచి నేల తుడిచే ఆవిడ దాకా అందరికీ చక్రాల కుర్చీలో కూర్చునే నడుం వంచి నమస్కారం పెట్టారు. ఇంత మర్యాదస్తురాలు మా హోములో ఇంకొకరు లేరనుకున్నాం. మూడో రోజు స్నానానికి తీసుకెళ్ళేదాకా అలాగే అనుకున్నాం.

ఆవిడ సంగతులు కూతురు చెబితే తెలిశాయి. యుద్ధం ముగిశాక జపానుకి వెళ్ళిన ఒక ఇంగ్లీషు సిపాయిని పెళ్ళి చేసుకుని, ఓడెక్కి ఈ ఊరు వచ్చారు. ఆయన ఇక్కడ బూట్ల ఫ్యాక్టరీలో తోలు కత్తిరించే పనిలో చేరాడు. యాభై ఏళ్ళు దాటిన కాపురం. ఆయన పోయాక కూడా ఒక్కరే ఇల్లు నడుపుకున్నారు, రోజూ పేపర్లో క్రాస్‌వర్డ్ నింపేవారు, స్కూలు ఆఫీసులో పనిచేసిన కూతురి స్పెల్లింగులు దిద్దేవారు. అలాంటి మనిషికి స్ట్రోక్ వచ్చింది. కుడి చేతిలో బలం సన్నగిల్లింది, ఇంగ్లీషు తుడిచిపెట్టుకుపోయింది. మిగిలింది చిన్నప్పటి జపనీస్ ఒక్కటే, అదీ ముక్కలు ముక్కలుగా.

మరి కూతురితో మాట్లాడొచ్చు కదా అంటారేమో. కూతురికి ఒక్క ముక్క రాదు. ఆ వీధిలో యుద్ధానికి బిడ్డల్ని పోగొట్టుకున్న ఇళ్ళు చాలా ఉండేవట. కూతురి నాయనమ్మ, కొత్తగా వచ్చిన కోడలికి మొదటి రోజే చెప్పేసింది, ఈ ఇంట్లో ఆ భాష వినపడకూడదని. మామ్మగారు సరేనన్నారు. అన్నమాట ప్రకారం అరవై ఏళ్ళు నోరు కట్టేసుకున్నారు. కూతురికి కూడా అరవై దగ్గర పడుతోంది. తుంటి అరిగిపోయి చేతికర్రతో నడుస్తుంది, కారు లేదు. రోజూ మధ్యాహ్నం రెండు బస్సులు మారి వచ్చి, తల్లి పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుని టీవీ చూసి వెళ్ళిపోయేది. ఇద్దరి మధ్యా మాట లేదు.

ఇక స్నానం సంగతి. మా హోములో స్నానమంటే పెద్ద టబ్బులో వేణ్ణీళ్ళు నింపి, బుడగలొచ్చే సబ్బు పోసి, మనిషిని హాయిస్టు కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు బిగించి, ఎత్తి ఆ నీళ్ళలోకి దించడం. అందులోనే ఒళ్ళు తోమి, అందులోంచే పైకి తీసి తుడిచేయడం. మామ్మగారు ఆ టబ్బు చూడగానే కేకలు మొదలుపెట్టేవారు. రక్కేవారు, కొరికేవారు. ఆ ఎడమచేతికి అంత బలం ఎక్కడినుంచి వచ్చేదో! మాతో పనిచేసే కేరర్ ఒక నల్గొండ అమ్మాయి ఉండేది. మంచి పనిమంతురాలు, నోరూ గట్టిదే. ఒకరోజు ముంజేతి మీద పళ్ళగాట్లు చూపించి నాతో ఖచ్చితంగా చెప్పేసింది. "అక్కా, ఈమెకు స్నానం జేయించుడు నాతోని గాదు. మొన్న గీరింది, ఇయ్యాల కొరికింది. రేపేం జేస్తదో ఆ యేసయ్యకే ఎరుక."

లాగ్ పుస్తకంలో రోజూ అదే రాత. స్నానం నిరాకరించారు, దాడి చేశారు, అరిచారు. అప్పుడు నేనొక పని చేశాను. జీపీ సర్జరీకి, అంటే మా హోముని చూసే డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేసి, ఈవిణ్ణి కాస్త శాంతపరిచే మాత్ర ఏదైనా రాయమని అడిగాను. రాశారు. అడిగింది నేను, ఇచ్చింది నేను, మందుల చార్టులో సంతకం నాది. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు, అందరం హమ్మయ్య అనుకున్నాం కూడా. వారం తిరిగేసరికి మామ్మగారు కుర్చీలో తల వాల్చేసి పగలంతా నిద్రపోసాగారు. ఎవరికీ నమస్కారం లేదు. కూతురు వచ్చి, నిద్రపోతున్న తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుని, "అమ్మకి బాగానే ఉందా?" అని నన్నడిగింది. నాకు ఆ మనిషి కళ్ళలోకి చూడ్డానికి మొహం చెల్లలేదు.

అంత చేసినా స్నానం దగ్గర గొడవ తగ్గలేదు. మగతలోనే కొట్టేవారు. చివరికి మా మేనేజరమ్మ, చెడ్డ మనిషేం కాదు, పద్ధతి ప్రకారం పోయే మనిషి, కూతుర్ని ఆఫీసులోకి పిలిచి తలుపేసింది. ఇలాంటివాళ్ళని చూసుకునే ప్రత్యేకమైన యూనిట్ ఒకటుంది, ఇక్కడికి రెండు గంటల దూరం, ఆరు వారాల్లో సోషల్ వర్కర్ వచ్చి చూసి తేలుస్తారు అని చెప్పింది. బయటికొచ్చిన కూతురు కారిడార్‌లో గోడకి ఆనుకుని నిలబడిపోయింది. నేను కుర్చీ తెచ్చి వేశాను.

"అక్కడికి నేను నెలకొకసారి వెళ్ళగలనేమో. మాట ఎలాగూ పోయింది. రోజూ కనిపిస్తున్నాను కాబట్టి నా మొహం గుర్తుంది. అదీ పోతే ఇంకేం మిగుల్తుంది మా ఇద్దరికీ?" అంది.

ఆ మాట నన్ను ఇంటికెళ్ళినా వదల్లేదు. మర్నాడు పొద్దున్నే జీపీకి ఫోన్ చేసి మాత్ర సగానికి తగ్గించమన్నాను. ఆ తర్వాతి వారం పూర్తిగా మాన్పించాను. మేనేజరమ్మ దగ్గరికెళ్ళి, సోషల్ వర్కర్ వచ్చే రివ్యూ దాకా నాకు గడువివ్వండి, మామ్మగారితో మాట్లాడి చూస్తానన్నాను. ఆవిడ కళ్ళజోడు కిందికి దించి, ఏ భాషలో అనడిగింది. మామ్మగారి భాషలోనే అన్నాను. నీకు వచ్చా అంది. రాదన్నాను. సరే, మందుల రౌండుకి మాత్రం ఆలస్యం చెయ్యొద్దంది.

ఫోన్లో దుబాసీని పెట్టుకోవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. అదీ అయింది. మామ్మగారు రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విని, దానికి నమస్కారం పెట్టి నా చేతికిచ్చేశారు. తెలియని గొంతుకి ఆవిడ మనసులో మాట చెప్పే మనిషి కాదు. కాబట్టి నేనే దిగాల్సి వచ్చింది. కౌన్సిల్ లైబ్రరీకి వెళ్ళి జపనీస్ నేర్పే సీడీ తెచ్చుకున్నాను. కార్లో డ్యూటీకి పోతూ వస్తూ అదే మోత. ఆ సీడీ పర్యాటకుల కోసం చేసిందని ఇంటికొచ్చాక తెలిసింది. పాస్‌పోర్ట్ పోయింది, బిల్లు ఇవ్వండి, ఈ బ్యాగు ఎంత, ఇవీ అందులో ఉన్న వాక్యాలు. వెనక సీట్లో కూర్చుని స్కూలుకెళ్ళే మా అమ్మాయి, "మమ్, ప్లీజ్, ఎనఫ్" అని చెవులు మూసుకునేది. నాకంటే తనకే ముందు నోటికొచ్చేశాయి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా హోములో అరగంట సందడి ఉండదు. ఆ వేళ చూసుకుని మామ్మగారి ఎదురుగా కూర్చున్నాను. బాగున్నారా అని మొదలుపెట్టాలి. ఆవిడ కళ్ళలోకి చూసేసరికి ఆ ముక్క ఎగిరిపోయింది. నోటికి ఏదొస్తే అది అనేశాను. "సుమిమాసెన్, ఎకి వా దోకో దెస్ కా?" అంటే, ఏమండీ, రైల్వే స్టేషన్ ఎక్కడ? మందుల ట్రాలీ పక్కన పెట్టుకుని, యూనిఫాంలో ఉన్న నర్సు అడగాల్సిన ప్రశ్నేనా అది!

మామ్మగారు నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. తర్వాత దుప్పటి సర్దుకుని, ఎడమచేత్తో దాని మీద గీతలు గీస్తూ చెప్పడం మొదలుపెట్టారు. పది నిమిషాలు ఆపకుండా చెప్పారు. ఇటు తిరుగు, అటు తిరుగు అన్నట్టు వేళ్ళు తిరుగుతున్నాయి. మధ్యలో మాట దొరక్క ఆగిపోతున్నారు, కళ్ళు మూసుకుని వెతుక్కుని మళ్ళీ అందుకుంటున్నారు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ స్ట్రోక్ వచ్చాక ఆవిడ అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారని కూతురు చెప్పింది. చివర్లో నాకు అర్థమైందా అన్నట్టు తల ఎగరేశారు. నేను "హై" అనేశాను. అర్థమైనట్టు అబద్ధం ఆడేశానన్నమాట.

మర్నాడు మళ్ళీ అదే అడిగాను. మళ్ళీ చెప్పారు. మూడో రోజు, స్టేషన్, ఇల్లు అనే మాటలు మళ్ళీ మళ్ళీ చెవిన పడేసరికి నాకు తెలిసిపోయింది, ఇది ఆవిడ పుట్టిన ఊళ్ళో స్టేషన్‌కీ ఇంటికీ మధ్య దారి అని. నేను దారి తప్పిన మనిషినని ఆవిడ నిజంగానే నమ్మారు. నాలుగో రోజు ఇక లాభం లేదనుకున్నారు కాబోలు, నన్ను లేచి నడవమన్నారు. గదే ఊరైపోయింది. మంచం నది, దాని కాళ్ళవైపు నేల మీద పరిచిన దుప్పటి వంతెన, బట్టల బీరువా సోయా పాలతో చేసే టోఫూ అమ్మే కొట్టు. "మిగి" అంటే కుడికి, "హిదారి" అంటే ఎడమకి, "మస్సుగు" అంటే తిన్నగా. తప్పు తిరిగితే కుర్చీ చేతి మీద టపటపా కొట్టేవారు. ఎనభై ఏళ్ళావిడ హెడ్‌మాస్టరు, యాభై ఏళ్ళ నేను ఒకటో తరగతి. ఒకరోజు నల్గొండ అమ్మాయి తలుపు తీసి, నేను మంచం చుట్టూ తిరగడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఏం చేస్తున్నావని అడిగితే, వంతెన దాటుతున్నాను, అడ్డు లే అన్నాను. అక్కకు గూడ ఏమో అయింది అని మేనేజరమ్మకి చెప్పొచ్చిందట.

అమ్మాయిలూ, మీరు ఇంగ్లీషు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. నాకు ఆ ఆరు వారాల్లో వచ్చిన మాటలు పుస్తకం చూసి వచ్చినవి కావు. దువ్వెన చేతిలో పెడితే దువ్వెన మాట వచ్చింది, కిటికీ అద్దం మీద చినుకులు పడితే వాన మాట వచ్చింది. నేను తప్పుగా అన్నప్పుడల్లా మామ్మగారికి నవ్వొచ్చేది, ఆ నవ్వు చూడ్డానికి ఇంకో నాలుగు తప్పులు అనేదాన్ని. మీరు ఒప్పుగా మాట్లాడాలని నోరు మూసుకుని కూర్చుంటారు చూడండి, అక్కడే చెడిపోతున్నారు. నా జపనీస్ కూడా ఎలాంటిదనుకున్నారు? తర్వాతెప్పుడో కోవెంట్రీలో చదువుకుంటున్న ఒక జపాను అమ్మాయితో రైల్లో రెండు ముక్కలు మాట్లాడితే ఆ పిల్ల పకపకా నవ్వి, మీరు అచ్చం మా ఊరి అమ్మమ్మలా మాట్లాడుతున్నారంది. నాకు మహా గర్వమనిపించింది.

నాలుగో వారంలో అనుకుంటాను, దారి కొంచెం పొడుగైంది. టోఫూ కొట్టు దాటాక, ఇంటికి ముందు, ఒక చోట మామ్మగారు నన్ను ఆపారు. అంతకుముందూ ఆపేవారు కానీ అక్కడేముందో నాకు తెలిసేది కాదు. ఆ రోజు నాకు తెలియదని గ్రహించి చేసి చూపించారు. ముందు చెప్పులు విడిచినట్టు. బట్టలు మడతపెట్టినట్టు. తర్వాత చిన్న పీట మీద కూర్చున్నట్టు వంగి, ఎడమచేత్తో చెంబు ముంచి భుజం మీద పోసుకున్నారు, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. ఒళ్ళంతా రుద్దుకున్నారు, మళ్ళీ పోసుకున్నారు. అంతా అయ్యాక, చేత్తో నీళ్ళ వేడి చూసి, మెల్లగా దిగి మెడదాకా కూర్చున్నట్టు కళ్ళు మూసుకుని "ఆఆ" అని ఊపిరి వదిలారు. వీధిలో అందరూ స్నానం చేసే చోటు అది. ఒళ్ళు కడుక్కోవడం బయట. శుభ్రపడ్డాక హాయిగా కూర్చోవడానికి తొట్టి.

ఆ బయట కూర్చుని పోసుకోవడం ఎవరి స్నానం? మా అమ్మ నాకు దొడ్లో రాయి మీద కూర్చోబెట్టి చేయించిన స్నానం కాదూ! నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, ముగ్గురు నర్సులం ఒకే ఇంట్లో ఉన్నప్పుడు, టబ్బు చూసి ముక్కు మూసుకున్నవాళ్ళమే. మన మురికిలో మనమే నానడం ఏమిటే అని చెప్పుకుని నవ్వుకున్నాం. బజారుకెళ్ళి బకెట్టు, మగ్గు కొనుక్కొచ్చాం. ఇప్పటికీ మా ఇంట్లో టబ్బులో బకెట్టుంటుంది, ఈ ఊళ్ళో మనవాళ్ళ ఏ ఇంటికెళ్ళినా ఉంటుంది. అలాంటి నేను ఇంట్లో బకెట్టు స్నానం చేసి, యూనిఫాం వేసుకుని వచ్చి, ఎనిమిదేళ్ళుగా మనుషుల్ని సబ్బు నురగలో ముంచి తీస్తున్నాను. కేర్ ప్లాన్‌లో అలా రాసుంది కాబట్టి చేశాను. ఒక ముసలావిడ అదే అసహ్యంతో మా చేతుల్లో గింజుకుంటే, గుర్తుపట్టాల్సింది పోయి నిద్రమాత్ర అడిగాను. ఆ రోజు బ్రేక్‌లో స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చాను, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

ఏడిస్తే పనవదు కదా. మర్నాడు ఇంటినుంచి బకెట్టు, మగ్గు తీసుకెళ్ళాను. మేనేజరమ్మ నేల జారుతుందంది, రిస్క్ అసెస్‌మెంట్ లేదంది. మూడు పేజీలు రాసిచ్చాను. బాత్రూం నేలకి నీళ్ళు పోయే జాలీ ఎలాగూ ఉంది. షవర్ కుర్చీ టబ్బు పక్కన వేసి, టబ్బులో సబ్బు లేని మంచి వేణ్ణీళ్ళు నింపి, నల్గొండ అమ్మాయిని బతిమాలి తోడు తెచ్చుకున్నాను. ఆ అమ్మాయి చేతులకి రెండు జతల గ్లోవ్స్ వేసుకుని యుద్ధానికి వచ్చినట్టు వచ్చింది. నేను మొదటి మగ్గు ముంచి పోయబోయాను. మామ్మగారు నా చేతిలోంచి మగ్గు లాక్కున్నారు. అయిపోయాం అనుకున్నాను. ఆవిడ బకెట్లోని నీళ్ళు చూసి, మగ్గు చూసి, తనే ముంచి తన భుజం మీద పోసుకున్నారు. ఇరవై నిమిషాలు పట్టింది. తర్వాత హాయిస్టులో ఎత్తి టబ్బులోకి దించితే పిల్లిపిల్లలా దిగారు. మెడదాకా నీళ్ళు రాగానే "ఆఆ" అన్నారు. నల్గొండ అమ్మాయి గ్లోవ్స్ విప్పేసి, ఓ యేసయ్యా అని మెల్లగా అంది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. రెండోసారి స్నానమప్పుడు, మామ్మగారు టబ్బులోంచి పైకొచ్చి ఇంకా పక్కనే తువ్వాలు చుట్టుకుని ఉండగానే, తొందరలో నేను నీళ్ళు పోయే బిరడా లాగేశాను. ఆవిడ ఒక్క అరుపు అరిచి నా మణికట్టు పట్టుకుని కొరికేశారు. పళ్ళు బాగానే దిగాయి. నేను నొప్పితో నిలబడి ఉండగా, ఆవిడ నీళ్ళ వైపు, తర్వాత నావైపు, తర్వాత నల్గొండ అమ్మాయి వైపు చూపించి, దుఃఖంగా ఏదో చెప్పారు. నెమ్మదిగా తెలిసింది. ఒళ్ళు కడుక్కునే కదా దిగింది, ఆ నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి. ఇంట్లో తర్వాతివాళ్ళు దిగాలి. మా ఇద్దరి వంతు నేను పారబోసేశాను.

రివ్యూకి మూడు రోజులుంది. గాయానికి కట్టు కడుతూ నల్గొండ అమ్మాయి గుసగుసగా అంది. "లాగ్ల రాయకక్కా. మనిద్దరమే ఉన్నం. రాస్తే ఆమెను పంపిచ్చేస్తరు."

నాకూ రాయాలని లేదు. కానీ అబద్ధం మీద నిలబెడితే ఆ మనిషి అక్కడ ఎన్నాళ్ళు నిలుస్తారు? రాశాను. కొరికారు అని రాసి, కింద ఎందుకు కొరికారో, తప్పెవరిదో కూడా రాశాను. మాత్ర సంగతి కూడా ఆ పేజీలోనే రాసేశాను. మేనేజరమ్మ అది చదివి, కింద సంతకం పెట్టి ఫైల్లో పెట్టేసింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

రివ్యూ రోజున వచ్చిన సోషల్ వర్కర్ నడివయసు మనిషి, తక్కువ మాట్లాడే రకం. ఫైలంతా చదివింది, నా కట్టు వైపు చూసింది. మామ్మగారికి ఏం కావాలో ఇక్కడ తెలుసుకోగలిగేది నేనొక్కదాన్నేనా, కుటుంబంతో ఆవిడకి ఏమైనా మాట కలుస్తుందా అని అడిగింది. కూతురు తల దించుకుని, నాకు ఆ భాష ఒక్క ముక్క రాదండీ అంది. సోషల్ వర్కర్ అది రాసుకుంది. స్నానం ఎలా జరుగుతుందో వినాలంది. ఆవిడ మర్యాదకి భంగం కాకుండా తను తలుపు బయటే ఉంటానంది. కూతురు లోపలికి రావచ్చా అని అడిగాను. రావచ్చంది.

బకెట్టు స్నానం సజావుగా అయింది. మామ్మగారు టబ్బులోకి దిగారు, ఊపిరి వదిలారు. కూతురు పక్కన స్టూలు మీద కూర్చుంది, కర్ర గోడకి ఆనించి. హోములో చేరాక తల్లిని స్నానంలో చూడటం ఆవిడకి అదే మొదలు. తలుపు వారగా తెరిచి ఉంది, అవతల సోషల్ వర్కర్, మేనేజరమ్మ. మామ్మగారు కూతురి చెయ్యి అందుకుని నీళ్ళలో తన చేతి పక్కన పెట్టుకున్నారు. అలా పెట్టుకుని, ఎవరూ ఏమీ అడక్కుండానే, సన్నటి గొంతుతో మొదలుపెట్టారు.

"ఇచి. ని. సాన్. షి."

అంకెలు. ఒకటి, రెండు, మూడు. సీడీ పుణ్యమా అని అంకెలు నాకు వచ్చు. ఎందుకు లెక్కపెడుతున్నారో తెలియదు, మేం అడ్డు చెప్పకుండా నిలబడ్డాం. పది అయింది, ఇరవై అయింది. ముప్ఫై ఏడు తర్వాత మామ్మగారికి మాట దొరకలేదు. ఆగిపోయారు. కళ్ళు గట్టిగా మూసుకున్నారు, పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ముఖం ఎర్రబడుతోంది. ఇక అరుస్తారేమోనని నల్గొండ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నేను ముప్ఫై ఎనిమిది అందిద్దామని నోరు తెరిచాను.

"సాన్‌జూ హచి," అంది కూతురు.

"సాన్‌జూ క్యూ. యోన్‌జూ." ఆవిడ ఎటూ చూడటం లేదు, నీళ్ళలోకే చూస్తోంది. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. యాభై దగ్గర మామ్మగారు అందుకున్నారు. అక్కణ్ణుంచి ఇద్దరూ కలిసి లెక్కపెట్టారు. తల్లి ఎక్కడ తడబడితే అక్కడ కూతురు ఎత్తుకుంది. వంద దాకా ఒక్కటి కూడా పోనివ్వలేదు. వంద అనగానే మామ్మగారు "యోషి" అన్నారు, ఇక చాలు, లే అన్నట్టు. తనే చెయ్యి చాపి హాయిస్టు తెమ్మన్నారు.

తువ్వాలు చుట్టాక కూతురు చెప్పింది, ఏడుస్తూ, నవ్వుతూ. శనివారాల్లో నాన్నా నాయనమ్మా బజారుకెళ్ళినప్పుడు అమ్మ వంటింటి తలుపేసి రేకు తొట్టిలో తనకి స్నానం చేయించేదట. వంద అయ్యేదాకా తొట్టిలోంచి లేవనిచ్చేది కాదట. "అవి అంకెలని నాకు తెలియదు. అది భాషని కూడా తెలియదు. అమ్మ నా కోసం కట్టిన స్నానం పాట అనుకున్నాను," అంది.

నేను తడిసిన చేతులతో బయటికొచ్చాను. సోషల్ వర్కర్ అంతకుముందు రాసిన వాక్యం కొట్టేసి, దాని పక్కన ఇంకేదో రాస్తోంది. రాయడం ఆపి, ఈవిడ ఇక్కడే ఉంటారు అంది. మేనేజరమ్మ అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకుంది. అంతలో సోషల్ వర్కర్ నన్నే చూస్తూ, నువ్వు లేని రోజున ఈ స్నానం ఎవరు చేయిస్తారు అని అడిగింది. నేను జవాబిచ్చేలోపే లోపలినుంచి కూతురు, "నేను వస్తాను" అంది.

ఎవరి డ్యూటీ ఎప్పుడో రాసే రోటాలో ఆవిడ పేరు నేనే రాశాను, మంగళవారం, శుక్రవారం. మామ్మగారు ఆ గదిలోనే ఇంకో మూడేళ్ళు ఉన్నారు. ఆ మూడేళ్ళూ కూతురు రెండు బస్సులు మారి, కర్ర పట్టుకుని, మంచు పడ్డ రోజుల్లో కూడా వచ్చి, వంద లెక్కపెట్టి వెళ్ళింది.